గడ్డమీది నల్లాలు

ఆ పెట్టె మా ఊరికి కావాలని చెయ్యెత్తింది నేనే. ఈ మాట ముందుగాల చెప్పుకోవాలె. లేకుంటే కింద రాసేదంతా ఎవరి మీదనో పితూరీ లెక్క అనిపిస్తది.

నేను పంచాయతీ కార్యదర్శిని. మా ఇల్లు కామారెడ్డిలో. దినాం పొద్దున బస్సెక్కి ఎల్లారెడ్డిలో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో ఊరికి పోత. డిగ్రీలో కంప్యూటర్లు చదివిన. ఊరి పనులన్నీ ఫోన్లోకి ఎక్కిస్తే సగం కష్టం పోతదని ఉద్యోగంలో చేరిన కొత్తలో గట్టిగ నమ్మిన. నాకు అప్పజెప్పింది ఒక ఇనుప బీరువా, అందులో అంచులు చినిగిన రిజిస్టర్లు. ఏ గల్లీకి ఏ పైపు పోయిందో, ఎవరింటి నల్లా ఎక్కడ కలిసిందో ఒక్క కాగితం మీద కూడా లేకుండె. అదంతా ఒక్క మనిషి తలకాయలో ఉండేది.

ఆయన ఊరికి నీళ్ళు ఇడిచే అన్న. యాభై దాటినయి. ఇరవై ఏండ్ల సంది అదే పని. భుజం మీద పొడుగాటి ఇనుప రాడ్డు పెట్టుకొని, తెల్లారక ముందే ట్యాంకు కాడికి వచ్చేటోడు. ఊర్లో ఆరు వాల్వులు. ఒక్కొక్కటి ఒక్కొక్క బండరాయి కింద ఉంటది. రాయి జరిపి, రాడ్డు గుంతలోకి దించి, మోకాళ్ళ మీద కూసోని తిప్పేటోడు. ఒకనాడు ఆయన ఎంబడి నేను కూడా తిరిగిన, ఏ వాల్వు ఏ గల్లీదో రాసుకుందామని.

"ముందుగాల ఎప్పుడైనా గడ్డమీది వాడకే ఇడుస్తవా అన్నా?" అని అడిగిన.

"గడ్డ మీదికి ఎక్కాలంటే ట్యాంకు నిండుగుండాలె మేడం. సగమైనంక ఇడిస్తే నల్లాల గాలి తప్ప ఏం రాదు. కిందోళ్ళ వాల్వులు బంద్ పెట్టి, వీళ్ళది ముప్పావు గంట ఇడిసి, అప్పుడు కిందికి రావాలె."

గడ్డమీది వాడ అంటే ఊరి చివర ఎత్తు మీదున్న నలభై ఇండ్లు. దాదాపు అన్ని ఇండ్లల్లో ఆడోళ్ళు బీడీలు చేస్తరు. మగోళ్ళు కొందరు దుబాయి పోయిండ్రు, కొందరు ఎల్లారెడ్డిలో కూలికి పోతరు. తునికాకు నానబెట్టనీకె నీళ్ళు కావాలె. ఆకు నానకుంటే కత్తెరకు చిట్లుతది, చుడితే పగులుతది. ఆ వాడలో నీళ్ళు రాకపోవుడంటే వంట ఆగుడు ఒక్కటే కాదు, పని కూడా ఆగుడే.

ఆయన పని బాగనే చేసేటోడు కానీ, మనిషే కద. చుట్టాలింట్ల పెండ్లి ఉన్ననాడు మోటరు బంద్ చెయ్యనీకె ఎవరూ లేక ట్యాంకు పొంగి బజారంతా బురద అయ్యేది. ఎండాకాలం బోరులో నీళ్ళు అడుగంటినా మోటరు నడుస్తనే ఉండి ఒకసారి కాలిపోయింది. ఊరు నాలుగు రోజులు ట్యాంకర్ల ఎంబడి ఉరికింది. సర్పంచుల పదవీకాలం ముగిసి, కొత్త ఎలక్షన్లు పెట్టని కాలమది. స్పెషల్ ఆఫీసరు వారానికి ఒకసారి కూడా వచ్చేటోడు కాదు. జనం తిట్టేది నన్నే.

అప్పుడే మండలం మీటింగులో ఎవరో ఒక కంపెనీ గురించి చెప్పిండ్రు. ట్యాంకుల మీద సెన్సార్ పెట్టెలు పెడుతరట. నిండితే మోటరు దానంతట అదే బంద్ అయితది, బోరు ఎండితే ఆగుతది, నీళ్ళ లెక్క కామారెడ్డిలో పెద్ద తెర మీద కనిపిస్తది. కొన్ని ఊర్లల్లో పెట్టి చూస్తరట, ఎవరికి కావాలె అని అడిగిండ్రు. నేను చెయ్యెత్తిన.

పెట్టె పెట్టనీకె వచ్చిన ఇంజనీరు మంచోడే. ట్యాంకు మెట్లు ఎక్కి దిగి చెమటలు కార్చిండు. పెట్టె మీద చిన్న సోలార్ పలక, లోపల సిమ్ కార్డు. నా ఫోన్లో యాప్ ఎక్కించి, "చూడండి మేడం, ఇదే మీ ట్యాంకు" అన్నడు. తెర మీద నీలం రంగు గీత. మోటరు వేస్తే గీత మీదికి ఎక్కుతున్నది. చిన్నపిల్ల లెక్క సంబరపడ్డ.

మొదటి నెల నిజంగనే బాగుండె. ఒకనాడు మధ్యాహ్నం, ఎవరికీ నీళ్ళు ఇడవని టైములో, గీత కిందికి దిగుతున్నది. నీళ్ళన్నను పిలిచి చూపిస్తే ఆయనకు మొదట అర్థం కాలే. అర్థమైనంక రాడ్డు కింద పెట్టి, బడి ఎనుక రోడ్డు మీద ఒక చోట చెవి ఆనించి పడుకున్నడు. "ఇక్కడే పోతున్నయి మేడం, చప్పుడు వినొస్తున్నది" అన్నడు. తవ్వితే సిమెంటు రోడ్డు కింద పైపు పగిలి ఉంది. ఎన్నేండ్ల సంది కారుతున్నదో. ఆ నాడు ఆయనా నేనూ చాయ్ తాగుకుంట ఎంత మురిసినమో. పెట్టె చెప్పింది, ఆయన పట్టుకున్నడు. ఊరి పని గిట్ల నడవాలె అనుకున్న.

రెండో నెల ఇంజనీరు మళ్ళా వచ్చిండు. ఈసారి ట్యాంకు కింద పెద్ద పైపుకు ఒక కరెంటు వాల్వు బిగించిండు. పొద్దున ఆరింటికి అదే తెరుచుకుంటది, ఏడున్నరకు అదే మూసుకుంటది. గల్లీల వాల్వులన్నీ తెరిచే పెట్టాలట.

"సారూ, అన్నీ ఒక్కసారే తెరిస్తే గడ్డ మీదికి ఎక్కవు" అన్నడు నీళ్ళన్న.

"ప్రెషర్ లెక్కలు వేసినం అన్నా. ఊరు మొత్తానికి ఒకేసారి సమానంగ అందుతయి."

"ఏ లెక్కలో సారూ, ఒక్కసారి గడ్డమీదికి నాతో వచ్చి చూడుండ్రి."

ఇంజనీరుకు ఇంకో రెండు ఊర్లు తిరిగేది ఉండె. చూడలేదు. నేను కూడా గట్టిగ ఆపలేదు. లెక్కలు వేసినమన్నడు కదా అనుకున్న. వారం తిరగకముందే మండలం నుంచి కాగితం వచ్చింది. నీళ్ళ పని ఆటోమేటిక్ అయింది కాబట్టి, ఆ వర్కర్‌ను చెత్త ట్రాక్టర్ మీదికి, నర్సరీ మీదికి మార్చాలని. నీళ్ళన్న ఆ కాగితం చదివించుకొని, రాడ్డు తెచ్చి ఆఫీసు మూలకు నిలబెట్టి పోయిండు.

మరునాటి సంది గడ్డమీది నల్లాలల్ల గాలే.

మూడో రోజు ఆ వాడ ఆడోళ్ళు పది మంది ఖాళీ బిందెలతోని ఆఫీసుకు వచ్చిండ్రు. ముందు ఒక అవ్వ ఉండె, ఒళ్ళంతా తంబాకు వాసన. నేను యాప్ తెరిచి, ట్యాంకు నిండిందనీ, వాల్వు తెరుచుకున్నదనీ చెప్పుకుంట పోతున్న. అవ్వ నా ఫోన్ వంక చూసి అన్నది:

"నీళ్ళు అందుల ఉన్నయంటున్నవు గద బిడ్డా. గా ఫోను జర వంచి నా బిందెల పొయ్యి."

అందరూ నవ్విండ్రు. నాకు ముఖం మీద కొట్టినట్టు అయింది. ఆ గుంపులో ఒకామె మాత్రం నవ్వలేదు. నా ఈడుదే, నన్ను అక్కా అంటది. ఆఫీసులో తిననీకె జాగ లేనప్పుడు నా టిఫిన్ డబ్బా వాళ్ళింట్లోనే విప్పేదాన్ని. చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టుకుంటనే నాకు తొక్కు వేసేది. "అక్క చూస్తదిలే, పాండ్రి" అని ఆమెనే అందరినీ లేపి తీసుకపోయింది.

అక్క చూసింది. కంపెనీ నంబరుకు ఫోన్ చేసింది. కంప్లైంట్ తీసుకున్నరు, రెండు గంటలకు 'సమస్య పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. ఎవరు పరిష్కరించిండ్రు? ఎట్ల? మళ్ళా చేసిన. మళ్ళా అదే మెసేజ్. ఎల్లారెడ్డికి పోయి మండల ఆఫీసరు సారుకు చెప్పిన.

"డ్యాష్‌బోర్డుల మీ ఊరు ఆకుపచ్చ ఉన్నది గదమ్మా" అన్నడు.

"అది ట్యాంకు సంగతి సార్. నల్లాల సంగతి కాదు."

"మరి నువ్వు దినాం యాప్‌ల ఏం కొడుతున్నవు?"

యాప్‌లో దినాం ఒక ప్రశ్న వస్తది: గ్రామంలో అన్ని ఇండ్లకు నీరు అందిందా? అవును, కాదు. అంతే. కొన్ని ఇండ్లకు అందలేదు అని చెప్పనీకె జాగ లేదు. ఆ రోజు వరకు నేను అవును అనే కొడుతున్న, అలవాటు మీద. మరునాడు 'కాదు' కొట్టిన. ఎండిపోయిన నల్లా ఫోటో పెట్టబోతే, యాప్ తీసుకోలేదు. నీళ్ళు కనిపించే ఫోటోనే కావాలట. పావుగంటలో మండలం నుంచి ఫోన్. మా ఊరితో పాటు మండలం మొత్తం డ్యాష్‌బోర్డుల ఎర్రగ మారిందట.

"ఒక్క నీ ఊరు వల్ల అందరికీ మాట వస్తున్నది. సరఫరా అయితున్నది గద? అయితున్నప్పుడు కాదు అని ఎట్ల కొడుతవు? మార్చు."

మార్చిన. ఆ రోజు మార్చిన, తర్వాతి రోజులు మార్చే అవసరం కూడా రానియ్యలేదు. పదకొండు రోజులు వరుసగ అవును కొట్టిన. కింది గల్లీలో ఎవరింటి ముందరనో పారుతున్న నల్లా ఫోటో తీసి పెట్టిన. కొడుతున్నప్పుడల్లా, సోమవారం పోయి మాట్లాడుత, మీటింగులో లేవనెత్తుత అని నాకు నేను చెప్పుకున్న. యాప్ ఊకుంటదా? నేను కొట్టినది రంగు రంగుల కార్డు చేసి ఊరి వాట్సప్ గ్రూపులో పడేసేది: 'ఈరోజు మీ గ్రామంలో అన్ని ఇండ్లకు నీరు అందింది.' కింద రెండు చప్పట్ల బొమ్మలు. గడ్డమీది వాడోళ్ళు కూడా ఆ గ్రూపులోనే ఉన్నరు.

వాళ్ళు ఊరవతల మక్క చేన్ల బోరు కాడి నుంచి నీళ్ళు మోసుకుంటుండ్రి. చేను ఆసామి పోనిచ్చేటోడు, పాపం. కానీ గట్టంతా జారుడు. పన్నెండో రోజు పొద్దున నేను ఆటో దిగుతుంటే నీళ్ళన్న ఉరుకొచ్చిండు.

"మేడం, ఆ పిల్ల పడ్డది. నెత్తి మీద ఒకటి, సంకల ఒకటి, రెండు బిందెలతోని. చెయ్యి వంకర పోయింది."

ఎవరో చెప్పకముందే నాకు తెలిసింది, నాకు తొక్కు వేసే ఆమెనే. నేను దిగిన ఆటోలోనే ఆమెను ఎక్కించుకొని ఎల్లారెడ్డి దవాఖానకు పోయినం. కుడి మణికట్టు విరిగింది. డాక్టరు పట్టీ వేసి ఆరు వారాలు చెయ్యి కదలొద్దన్నడు.

"ఆరు వారాలా సార్?" అన్నది ఆమె. నొప్పికి ఏడ్వలేదు కానీ ఆ మాటకు కండ్ల నీళ్ళు తిరిగినయి. బీడీ మూతి మలిచేది ఆ చేతి వేళ్ళతోనే.

బయట బెంచీ మీద కూసున్నప్పుడు నా దిక్కు చూడకుండనే అడిగింది.

"అక్కా, దినాం నీళ్ళొచ్చినయని నువ్వే కొడుతవట గద ఫోన్ల. నిజమేనా?"

"ఔ."

"మా వాడోళ్ళు చెప్పిండ్రు. నేను నమ్మలే. దానంతట అదే వస్తది, అక్కకేం తెల్వదు అన్న. కొట్లాడిన వాళ్ళతోని."

  పై నుంచి ఫోన్ వచ్చిందని చెప్తే ఆమె చెయ్యి అతుకుతదా? ఆమెను ఇంట్లో దించి ఆఫీసుకు వచ్చి కూసుంటే, ఫోన్ మోగింది. ఆ రోజు ప్రశ్న ఇంకా పెండింగ్‌లో ఉన్నదని గుర్తు చేస్తున్నది.

ఆ రోజు 'కాదు' కొట్టిన. ఫోన్లు వచ్చినయి, ఎత్తలేదు.

అదే నెలలో కామారెడ్డిలో జిల్లా మీటింగు పెట్టిండ్రు. విచిత్రం ఏందంటే, నేను 'కాదు' కొట్టకముందటి లెక్కల ప్రకారం మా ఊరు బాగా నడుస్తున్న ఊర్లలో ఒకటి. ఐదు నిమిషాలు మాట్లాడాలని నన్నే పిలిచిండ్రు. కంపెనీ వాళ్ళు బొమ్మలు కూడా తయారు చేసి పంపిండ్రు. పెద్ద తెర మీద మా ట్యాంకు, నీలం గీత, పక్కన ఆకుపచ్చ గడులు వరుసగ. ముందు వరుసలో మా మండల ఆఫీసరు సారు కూసున్నడు.

మైకు పట్టుకున్న. బొమ్మలు జరపలేదు.

"సార్, మేడం... ఈ ఆకుపచ్చ గడులల్ల పదకొండు నేను తెలిసి అబద్ధం కొట్టినయి" అన్న. "ట్యాంకు నిండింది నిజం. వాల్వు తెరుచుకున్నది నిజం. నలభై ఇండ్లకు చుక్క రాలేదు, అది కూడా నిజం. ఆ సంగతి చెప్పే గడి ఇందులో లేదు."

 కంపెనీ తరఫున వచ్చినాయన, "మేడం, సమాచారం సరిగ ఇచ్చే బాధ్యత మీదే కదా" అన్నడు. తప్పేం లేదు ఆ మాటలో. అందుకే ఎక్కువ మండింది. పెద్ద కుర్చీలో కూసున్న మేడం అడిగింది, "సరే, ఏం కావాలంటవు?"

"మా నీళ్ళు ఇడిచే అన్న కావాలె మేడం. ట్యాంకు ఎంత నిండిందో పెట్టె చెప్పుతది. ఏ వాల్వు ముందు తిప్పాలో ఆయన చెప్తడు. పెట్టె తీసెయ్యమంటలేను. ఇద్దరూ ఉండాలె."

ఆమె కాగితం మీద ఏదో రాసుకున్నది. "నోట్ చేసుకున్నం" అన్నది. తర్వాతి ఊరును పిలిచిండ్రు. బయటికి వచ్చినంక నా పక్క మండలం కార్యదర్శి ఒకామె నా భుజం మీద చెయ్యేసి, "మా ఊర్ల కూడా గంతే" అని మెల్లగ చెప్పింది. లోపల ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. పదకొండు రోజులు నేనెందుకు చెప్పలేదు?

వారంలో రెండు కాగితాలు వచ్చినయి. ఒకటి, తప్పుడు సమాచారం ఎందుకు నమోదు చేసినవో సంజాయిషీ ఇయ్యాలని. ఇంకోటి, మా ఊరికి రెండో విడతలో ఆరు వాల్వులకు ఆరు పెట్టెలు పెట్టే ప్రతిపాదన. మనిషి సంగతి ఏ కాగితంలోనూ లేదు.

ఆ రెండు కాగితాలు చదివి నేను నర్సరీకి పోయిన. నీళ్ళన్న సంచులల్ల మట్టి నింపుతుండు.

"అన్నా, ట్రాక్టర్ ఎన్నింటికి తీస్తవు?"

"ఏడున్నరకు."

"ఐదున్నర నుంచి ఏడింటి దాకా నాకోసం రాగలవా? ఆర్డర్ లేదు. ఏమన్నా అయితే నా మీద వేసుకుంట."

చేతుల మట్టి దులుపుకున్నడు. "మీ కోసమెందుకు మేడం, మా చెల్లె ఇల్లు కూడా ఆ వాడలనే ఉన్నది" అన్నడు.

కరెంటు వాల్వు పక్కన చిన్న మీట ఉంటది, చేత్తో నడిపే పద్ధతికి మార్చనీకె. అది తిప్పినం. మొదటి పొద్దు నేను ముందు రాత్రి ఊర్లోనే అంగన్‌వాడీ టీచరింట్లో ఉండి, తెల్లారంగనే ఆయనతో పోయిన. కిందోళ్ళ వాల్వులు మూసి, గడ్డమీదిది తెరిచిండు. నల్లాలల్ల ముందు గాలి బుసకొట్టింది, తర్వాత ఎర్ర మట్టి నీళ్ళు, తర్వాత తెల్లటి నీళ్ళు. ఫోను వంచి పొయ్యమన్న అవ్వ గడప మీద నిలబడి, "వచ్చినయి" అన్నది. థ్యాంక్స్ అనలేదు. అనవలసిన అవసరం కూడా లేదు.

మీట తిప్పినప్పుడల్లా పెట్టె కామారెడ్డికి కబురు పంపేది: 'అనధికార జోక్యం.' ఊరందరికీ నీళ్ళు అందిన ఆ రోజు సంది మా ఊరు తెర మీద ఎర్రగ ఉన్నది. వరుసలో చిట్టచివరికి పడ్డది. దినాం ఫోన్లు, దినాం జవాబులు. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చేరదు, మళ్ళా మొదటి నుంచి చెప్పాలె. కొన్నిసార్లు ఫోన్ పెట్టేసినంక ఆఫీసులో ఒక్కదాన్నే కూసోని గట్టిగ అరవాలనిపించేది.

చివరికి మండల ఆఫీసరు సారును బతిమాలిన, ఒక్క పొద్దు వచ్చి చూడుండ్రి అని. వచ్చిండు, ఆరింటికి, బూట్లతోని గడ్డ ఎక్కిండు. ముందు మీట ఆటోమేటిక్‌లో పెట్టి నల్లా తిప్పి చూపించిన. తర్వాత నీళ్ళన్నతో వాల్వులు తిప్పిచ్చి చూపించిన. సారు నల్లా కింద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డడు.

"నేనేం చూడలేదమ్మా. నువ్వు చేస్తున్నది చేసుకో" అన్నడు కిందికి దిగుకుంట.

అదే ఆయన ఇచ్చిన పర్మిషన్. కాగితం మీద రాయుండ్రి సార్ అంటే నవ్విండు. ఆయన కూడా ఎవరికో జవాబు చెప్పాలె గద.

గట్టు మీద పడ్డ ఆమె చేతి పట్టీ తీసినంక వేళ్ళు మునుపటంత చురుకు లేవు. బీడీ మూతి మలిచేటప్పుడు ఆగి ఆగి మలుస్తది. వాళ్ళింటికి మధ్యాహ్నాలు పోత. తొక్కు వేస్తది, మాట్లాడుతది. ఒకనాడు క్షమించమని అడిగిన. "మీ నౌకరి గట్లాంటిది మేడం" అన్నది. అక్కా అనలేదు. అక్కా అనుమని నేను అడగలేదు.

సంజాయిషీ రాసి ఇచ్చిన. మూడు పేజీలు. జవాబు ఇంకా రాలేదు. రెండో విడత పెట్టెలు వచ్చి, అట్టడబ్బాలల్లనే ఆఫీసులో ఉన్నయి, బిగించేటోళ్ళు రాలేదు. నీళ్ళన్న ఇప్పటికీ ఐదున్నరకు వస్తడు, ఆర్డర్ లేకుండనే.

పోయిన వారం యాప్‌కు కొత్త రూపం వచ్చింది. అవును, కాదు కింద చిన్న గడి ఒకటి కొత్తగ పెట్టిండ్రు: రిమార్కులు. యాభై అక్షరాలకు మించి తీసుకోదు. నేను ఎన్నో తీర్ల రాసి చెరిపి చెరిపి, చివరికి పట్టినంత పట్టిచ్చిన: 'గడ్డమీద నీళ్ళు మనిషి తిప్పితేనే ఎక్కుతయి.' అవతల ఎవరన్న చదువుతుండ్రో లేదో తెల్వదు. అయినా దినాం అదే రాస్తున్న.